బొగ్గుగనుల బిడ్డలకు లోకరాజనీతి

(గోదావరిఖనియందొక పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



నేటి మా ప్రసంగ విషయము వినినంతనే మీలో పలువురకు సంశయము కలుగక మానదు. పదుమూడేండ్లు మొదలుకొని పందొమ్మిదేండ్ల వఱకు గల మన పిల్లలకు దేశదేశముల సంబంధములను గూర్చిన శాస్త్రమును, లోకరాజకీయముల నడకను పరిచయము చేయవలెనని మేము చెప్పబూనితిమి. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవాఱి యిల్లు చేరు నూరిలో, బిడ్డ పరీక్ష గట్టెక్కి యేదో యొక కొలువున కుదిరిన చాలునని తల్లి మ్రొక్కుకొను నిండ్లలో, ఐక్యరాజ్యసమితి ముచ్చట యెవరికి కావలెను? ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పలేదా? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని త్రోసివేయు నుద్దేశము మాకు లేదు. కాని మేమొకటి యడిగెదము. ఈ గోదావరిఖనిలో ఇల్లెక్కడ ముగిసి రచ్చ యెక్కడ మొదలగుచున్నదో గీత గీసి చూపగలవారెవ్వరు?

మన గనుల చరిత్రనే తీసికొందము. 1871వ సంవత్సరమున భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు సమీపమున బొగ్గు కనుగొనెను. ఆ బొగ్గును త్రవ్వు హక్కు 1886లో ఇంగ్లండున నెలకొల్పబడిన హైదరాబాదు దక్కను కంపెనీకి చిక్కెను. బొగ్గు తెలంగాణమున, హక్కు లండనున, వాటాల బేరము అచ్చటి సంతలో! ఆ హక్కులు చేతులు మాఱిన తీరును గూర్చి యెంత యలజడి పుట్టెననగా, 1888లో బ్రిటిషు పార్లమెంటు ప్రజాప్రతినిధి సభ ప్రత్యేకముగ నొక విచారణసంఘమును వేయవలసి వచ్చెను. ఇల్లెందు కూలివాని కాళ్లక్రింది బొగ్గును గూర్చి, వాడెఱుగని భాషలో, వాడు చూడని పట్టణమున వాదము జరిగెను. పిమ్మట 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము అందలి వాటాలలో నధికభాగమును కొనెను. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రప్రభుత్వమునకు నూటికి 49 వంతుల భాగము కలదు. ఇట్లు మన గని పుట్టుకయే యొక యంతర్జాతీయ వ్యవహారము.

రామగుండము సంగతి యింకను స్పష్టము. 1978లో పునాది పడిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమునకు ప్రపంచబ్యాంకు ఋణమిచ్చెను. మొదటి మూడు యూనిట్ల యంత్రములు ఇటలీ నుండి వచ్చెను. 1980 దశాబ్ది చివర గోదావరిఖని పదవ నంబరు ఇంక్లైనున ఫ్రెంచివారి సహకారముతో బ్లాస్టింగు గ్యాలరీ పద్ధతి ప్రవేశించెను. అడ్రియాల లాంగ్‌వాలు గనిలో బొగ్గు కోయు యంత్రములు జర్మనీ నుండి దిగినవి. 1980లో బొగ్గుతో ఎరువు చేయ మొదలిడిన కర్మాగారము 1999లో మూతపడెను. దాని స్థానమున 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించిన క్రొత్త కర్మాగారము సహజవాయువుతో నడచునది. గనుల నడుమ నున్న కర్మాగారమునకు బొగ్గుతో పని లేకపోయెను! మన దేశము వాడు సహజవాయువులో సుమారు సగము ద్రవరూపమున ఓడలపై పరదేశముల నుండి తెచ్చుకొనునది. అందు ఖతరు పాలు పెద్దది. ఖతరు ఓడ హోర్ముజు జలసంధి దాటక మన రేవు చేరదు. 2022లో రష్యా యుక్రెయినుపై దండెత్తినప్పుడు వాయువు ధరయు, ఎరువు ధరయు లోకమంతట మండిపోయెను. కావున ఆ జలసంధి యెక్కడనున్నదో తెలిసికొనుట మన పిల్లలకు పరాయి పాఠమని యెట్లు చెప్పుదుము? అది మన వరిమడిని గూర్చిన పాఠమే.

ఇక మనుష్యుల మాట. పాత కరీంనగరు జిల్లాలో గల్ఫు దేశములకు పోయినవాడు లేని వాడ యరుదు. 1990 ఆగష్టులో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములపై స్వదేశమునకు చేర్పవలసి వచ్చెను. 2022లో యుక్రెయిను నుండి వైద్యవిద్యార్థులు నేలమాళిగలలో తలదాచుకొని, సరిహద్దులు నడచి దాటి యిండ్లు చేరిరి. వారిలో మన తెలుగుబిడ్డలు కలరు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి వీసాలపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన దినమున, కొడుకును కూతురును ఇంజనీరింగు చదివించుచున్న ప్రతి యింటను కలవరము పుట్టెను. లోకము మన గడప లోపలికి వచ్చి యెన్నడో కూర్చున్నది. అతిథి యెవ్వరో, ఏ పనిమీద వచ్చెనో పిల్లలకు చెప్పకుండుట యెంతవఱకు వివేకము?

మహాశయులారా! బొగ్గునకును ఈ శాస్త్రమునకును గల చుట్టఱికము మఱియొకటి కలదు. అది వినిన మీకాశ్చర్యము కలుగును. దేశదేశముల రాజకీయమును వేఱుగ నొక శాస్త్రముగ బోధించుటకు ప్రపంచమున మొట్టమొదటి ఆచార్యపీఠము 1919లో వేల్సు దేశమున అబెరిస్ట్‌విత్ అను చిన్న సముద్రతీర పట్టణపు కళాశాలలో వెలసెను. దానిని స్థాపించినవాడు డేవిడ్ డేవిస్. ఆతని తాత గారు వేల్సు లోయలలో బొగ్గుగనులు త్రవ్వించి, ఓడరేవు కట్టించి, ధనవంతుడైనవాడు. మొదటి ప్రపంచయుద్ధమున ఆ కళాశాల విద్యార్థులు పెక్కుమంది నేలకూలిరి. వారి స్మృత్యర్థము డేవిసును, ఆతని యిరువురు సోదరీమణులును 20,000 పౌనులిచ్చి, యుద్ధములు ఏల పుట్టుచున్నవో, వానినెట్లు నివారింపవచ్చునో విచారించుటకై యా పీఠమును నెలకొల్పిరి. బొగ్గు సొమ్ముతో, పిల్లల చావు దుఃఖముతో పుట్టిన శాస్త్రమిది. దానిని బొగ్గుగనుల బిడ్డలకు దూరముచేయుట న్యాయమగునా?

బొగ్గు కొఱకు దేశములు పోరాడినవి. బొగ్గు మూలమున దేశములు సఖ్యపడినవి. 1923 జనవరిలో ఫ్రాన్సు, బెల్జియము సైన్యములు యుద్ధపరిహారము చెల్లలేదను కారణమున జర్మనీ యందలి రూరు బొగ్గుసీమను ఆక్రమించెను. అచ్చటి గనికార్మికులు ఆయుధము పట్టక, పని మానివేసి, సహాయనిరాకరణము చేసిరి. అంతకు కొలది కాలము ముందే మన దేశమందును సహాయనిరాకరణము మాఱుమ్రోగియుండెను గదా! ఇరువదియేడేండ్లకు, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1950 మే 9వ తేదీన ఫ్రాన్సు విదేశాంగమంత్రి షూమన్ విచిత్రమైన యాలోచన ప్రకటించెను. ఫ్రాన్సు బొగ్గును ఉక్కును, జర్మనీ బొగ్గును ఉక్కును ఒకే ఉమ్మడి యధికారము క్రింద నుంచుదము. ఫిరంగికి కావలసిన సరకు ఉమ్మడి సొత్తైనప్పుడు ఫిరంగి యెవ్వరిపై తిరుగును? అని దాని భావము. 1951లో ఆఱు దేశములు ఒడంబడిక వ్రాసికొనెను. నేటి యూరోపియను యూనియనుకు అదియే తొలిమెట్టు.

ఇప్పుడు సిద్ధాంతమను మాటకు వత్తము. సిద్ధాంతమనగా పెద్ద గ్రంథములలోని పెద్ద మాటలని భయపడవలదు. గనిలో సర్దారు ఏమి చేయును? పని మొదలు పెట్టకమునుపు కఱ్ఱతో పైకప్పును తట్టి చప్పుడు వినును. గట్టి చప్పుడైన మేలు; డొల్ల చప్పుడైన అపాయము. కంటికి రెండు చోట్లును ఒకే నలుపు. కఱ్ఱ తగిలినప్పుడే భేదము తెలియును. లోకవ్యవహారములకు సిద్ధాంతమట్టి కఱ్ఱ. దానితో తట్టిచూచినవానికి ఏ మాట గట్టిదో, ఏది డొల్లదో వినబడును. తట్టనివాడు దైవమును నమ్ముకొని కప్పు క్రింద నిలువవలసినదే.

ఇట్టి కఱ్ఱలు నాలుగు ముఖ్యముగ కలవు. వానిని వట్టి నిర్వచనములుగ చెప్పిన పిల్లలు నిద్రపోవుదురు. మన హైదరాబాదు కథమీద తట్టిచూపినచో చెవి నిక్కించి విందురు.

కథ యిది. 1947 నవంబరు 29న భారతప్రభుత్వమునకును నిజామునకును ఏడాది కాలము యథాతథ స్థితిని నిలుపుటకు ఒడంబడిక జరిగెను. అది నిలువలేదు. 1948 ఆగష్టున హైదరాబాదు ప్రభుత్వము భారతదేశముపై భద్రతాసమితికి ఫిర్యాదు పంపెను. సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 16న పారిసు నగరమున సమితి ఆ ఫిర్యాదును విచారణకు గైకొనెను. మఱునాడే నిజాము లొంగిపోయెను. కొలది దినములకు ఫిర్యాదును ఉపసంహరించుకొనెను.

దీనిని వాస్తవికవాది యెట్లు చూచును? రాజ్యములపై రాజు లేడు. ఎవరి రక్షణ వారు చూచుకొనవలసినదే యని యాతని మూలసూత్రము. మన పూర్వులు మత్స్యన్యాయమనినది దీనినే. నలువైపుల భారతభూమి చుట్టియున్న, సముద్రపు రేవు లేని సంస్థానము, పరదేశపు సభలో చేసిన ప్రసంగమువలన నిలువగలదా? పారిసున వాదము మొదలగునప్పటికి ఇచ్చట తీర్పు అయిపోయినది. సమితికి మాట కలదు గాని సేన లేదు. ఇది యాతని పాఠము.

ఉదారవాది తల యడ్డముగ నూపును. ఒడంబడికలు, న్యాయములు, ఉమ్మడి సంస్థలు బలమును కొంతవఱకైన కట్టివేయునని యాతని విశ్వాసము. హైదరాబాదు స్వతంత్ర రాజ్యమా, కాదా? కానిచో ఫిర్యాదు చేయు నర్హత దానికి కలదా? కాశ్మీరు విషయమున 1948 జనవరి 1న తానే ఐక్యరాజ్యసమితి తలుపు తట్టిన భారతదేశము, హైదరాబాదు విషయమున ఇది మా యింటి సంగతియని చెప్పుటకు న్యాయాధారమేమి? ఈ ప్రశ్నలన్నియు న్యాయశాస్త్రమునకు చెందినవి. మఱియు న్యాయము మెల్లగ నడచునే గాని చావదు. 1948 సెప్టెంబరు 20న నిజాము ప్రభుత్వపు సొమ్ము పది లక్షల పౌనులకు పైబడి లండను బ్యాంకులో పాకిస్తాను రాయబారి పేరనున్న ఖాతాకు మాఱెను. ఆ సొమ్మెవ్వరిదను వాదము డెబ్బదియొక్క యేండ్లు సాగి, 2019 అక్టోబరు 2న ఇంగ్లండు హైకోర్టు తీర్పుతో తెగెను. భారతదేశమును, నిజాము వారసులును గెలిచిరి. అప్పటికి ఆ సొమ్ము సుమారు మూడున్నర కోట్ల పౌనులైనది.

మూడవవాడు మార్క్సు మార్గమున నడచువాడు. ఆతడు మొదట భూమి యెవరిదని యడుగును. దేశముఖుల గడీలు, జాగీర్దారుల హక్కులు, వెట్టిచాకిరి, 1946 మొదలు రైతు సాగించిన సాయుధపోరాటము, ఇవి లేక నిజాము పతనము బోధపడదని చెప్పును. రాజ్యములు చదరంగపు బంట్లు కావు. వాని కడుపులో వర్గములు పోరాడుచుండునని యాతని పాఠము.

నాల్గవవాడు నిర్మాణవాది. బలమును, న్యాయమును, భూమిని చూచితిరి గాని, మనుష్యులు తమను తామేమని తలచుకొనిరో చూచితిరా? అని యాతని ప్రశ్న. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు, గ్రంథాలయములు, పత్రికలు, మహాసభలు తెలుగువాని మనసున నొక క్రొత్త 'మనము'ను కట్టుచు వచ్చెను. ఆ 'మనము' నిజాము సింహాసనముకంటె బలమైనదయ్యెను. సోదరులారా! మనము కూర్చుండిన యీ పఠనమందిరము వంటివి రాజ్యములను మార్చినవని ఈ నాల్గవవాడు చెప్పుచున్నాడు. మనము దానిని మఱువరాదు.

నాలుగు కఱ్ఱలతోను తట్టిన పిమ్మటను వినబడవలసిన చప్పుడొకటి మిగిలియుండును. రజాకారుల దౌర్జన్యములకు గుఱియైన పల్లెలును, సైనికచర్య పిదప జరిగిన హత్యాకాండలో కూలిన ముస్లిము కుటుంబములును ఏ రాయబారి చేతి కాగితములందును సరిగా లెక్కకెక్కలేదు. ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము తక్కువలో తక్కువ ఇరువదియేడు వేల నుండి నలుబది వేల వఱకు ప్రాణములు పోయినవని యంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములు మఱుగున నుండెను. రాజ్యముల లెక్కలో పడని మనుష్యులను లెక్కించుట నేర్పని శాస్త్రము పిల్లలకు నేర్పదగినది కాదు. దేశభక్తి యనగా మన వైపు సత్యమును మాత్రమే చూచుట యని యెవ్వరైన చెప్పినచో, అది డొల్ల చప్పుడని మన పిల్లలు గుర్తుపట్టగలుగవలెను.

ఇది పాశ్చాత్యుల విద్యయని కొందఱందురు. కానేకాదు. చదువబుట్టని రాజకుమారులకు రాజనీతి నేర్పుటకే గదా విష్ణుశర్మ పంచతంత్రము చెప్పినట్లు కథ? మిత్రలాభ మిత్రభేదములను చిన్నయసూరి తెనిగింపగా, సంధి విగ్రహములను వీరేశలింగము పంతులు గారు తెనిగించిరి. తెలుగు బాలుడు పూర్వము బడిలో చదివిన 'నీతిచంద్రిక' యేమి? స్నేహమెట్లు కుదురును, ఎట్లు చెడును, యుద్ధమెప్పుడు, సంధి యెప్పుడు అను విదేశాంగనీతియే. కౌటిల్యుడు సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావమని యాఱు గుణములను లెక్కించెను. ఉద్యోగపర్వమున రాయబారములు నడచును. శాంతికై చేసిన ప్రతి యత్నమును ఏల విఫలమయ్యెనో అందు విశదముగ కనబడును. అట్లని సర్వము మన పూర్వులే చెప్పిరని మీసము దువ్వుటయు తగదు. కౌటిల్యునికి భద్రతాసమితి తెలియదు, అణ్వాయుధము తెలియదు. మన పాత సంపద క్రొత్త విద్యకు వాకిలి. వాకిటనే కూర్చుండువాడు ఇల్లు చూడలేడు.

నేడు మన పిల్లల స్థితి యేమి? పన్నెండవ తరగతి కేంద్ర పాఠ్యప్రణాళికలో సమకాలీన ప్రపంచరాజకీయములను గూర్చి యొక పుస్తకము కలదు. రాజనీతిశాస్త్రము తీసికొన్నవారికే అది యందును. లెక్కలు, రసాయనము, జీవశాస్త్రము చదువు మిగిలిన యసంఖ్యాకులకు లోకవార్త సెల్‌ఫోను ద్వారముననే వచ్చుచున్నది. అచ్చట యుద్ధము క్రికెట్టు ఆటవలె కనబడును. ఎన్ని విమానములు కూలినవి, ఎవరికెన్ని మార్కులు! ఒక యుద్ధపు చిత్రము మఱియొక యుద్ధపు పేర తిరుగును. పొరుగుదేశమును తిట్టినవాడు వీరుడు, ప్రశ్నించినవాడు ద్రోహి. పదునైదేండ్ల వయస్సు న్యాయాన్యాయములను గూర్చి రక్తము పొంగు వయస్సు. ఆ వయస్సున విషయము చెప్పక యుద్రేకము మాత్రమిచ్చువారు అడుగడుగునను ఉన్నారు. విషయము చెప్పువారమే కఱవైతిమి. 1989 నుండి మన దేశమున పదునెనిమిదేండ్లకే ఓటు కలదు. నేటి పదవతరగతి బాలిక మూడేండ్లలో యుద్ధశాంతులను నిర్ణయించు ప్రభుత్వమునకు తన చేతితో నధికారమిచ్చును.

ఇంతకంటె గొప్ప కారణము మఱియొకటి యీ బొగ్గుసీమకు ప్రత్యేకముగ కలదు. దానిని చెప్పుటకే మేము ముఖ్యముగ వచ్చితిమి.

2021 నవంబరులో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున భూతాపమును గూర్చి ప్రపంచ సమావేశము జరిగెను. తీర్మానపు ముసాయిదాలో బొగ్గు విద్యుత్తును క్రమముగ తొలగింపవలెనని వ్రాసియుండెను. చివరి గడియలో భారతదేశము పట్టుపట్టి, 'తొలగింపు' అను మాటను 'తగ్గింపు'గ మార్పించెను. ఒక్క మాట! ఆ మాట క్రింద మన గని, మన క్వార్టరు, మన దుకాణము, మన బడి యున్నవి. అదే సమావేశమున 2070 నాటికి కర్బన ఉద్గారములను నికరముగ సున్న చేసెదమని భారతప్రధాని ప్రకటించెను. నేడు పదునైదేండ్లున్న బాలుని యుద్యోగకాలమంతయు ఆ గడువు లోపల గడచునది. 1990 దశాబ్ది యారంభమున సింగరేణియందు లక్షకు పైబడి కార్మికులుండిరి. నేడు నలుబది వేల ప్రాంతమున నున్నారు. తట్ట నెత్తిన మోసిన పనిని యంత్రము తీసికొనెను. యంత్రము మిగిల్చిన పనిని ఒడంబడికలు తీసికొనునా, ఎన్నడు తీసికొనును, బదులేమిచ్చును, అని యడుగు శక్తి మన పిల్లలకుండవలెనా, వలదా?

అడుగుటకు ఉదాహరణము కావలెను. ఉదాహరణములు పరదేశములలో నున్నవి. వేల్సునందు 1984-85లో గనికార్మికులు ఏడాదిపాటు సమ్మె చేసి యోడిపోయిరి. పిమ్మట గనులు వెంటవెంట మూతబడగా, లోయలలోని యూళ్లు పనిలేని యూళ్లైపోయెను. జర్మనీ యందలి రూరు సీమలో ప్రభుత్వమును, కంపెనీయును, కార్మికసంఘమును 2007లో కూర్చుండి, గడువు పెట్టుకొని, ఒడంబడిక చేసికొని మెల్లమెల్లగ దించుకొనుచు వచ్చిరి. 2018 డిసెంబరు 21న తుది గని మూసిరి. బ్రిటనునందు 2024 సెప్టెంబరు 30న కడపటి బొగ్గు విద్యుత్కేంద్రము ఆగిపోయెను. ఒకచోట బొగ్గుబిడ్డలు వీధిన బడిరి. ఒకచోట బదులుదారి చూపబడెను. భేదమెక్కడ కలిగెను? ముందుగ తెలిసికొని, ముందుగ అడిగి, కాగితముమీద వ్రాయించుకొనుటలో కలిగెను. 2015 నాటి పారిసు ఒడంబడిక పీఠికలోనే కార్మికులకు న్యాయమైన పరివర్తన కావలెనను మాట కలదు. ఆ మాట అచ్చట నున్నదని యెఱుగనివాడు దానినెట్లు చూపి యడుగును? మఱియు, రెండు వందల యేండ్లు బొగ్గు కాల్చి ధనవంతులైన దేశములు నేడు మనకు నీతి చెప్పుటలో నున్న న్యాయమెంత, అన్యాయమెంత యనునదియు మన పిల్లలు కోపముతో గాక, లెక్కలతో వాదింపవలెను. ఎండకాలమున రామగుండమున నిలిచినవానికి భూతాపము కట్టుకథ కాదని కూడ వారు మఱువరాదు. రెండు సత్యములను ఒక్కసారి మనసున నిలుపుకొనగలుగుటయే ఈ విద్యకు పరమార్థము.

ఇక నేర్పు విధము. దీనికి భవనములక్కఱలేదు, జీతగాండ్రక్కఱలేదు. ఈ మందిరమున ఆదివారమొక గంట చాలును.

మొదటిది, గోడకొక ప్రపంచపటము. వార్తలో వచ్చిన ప్రతి యూరిని బిడ్డ తన వ్రేలితో చూపిన పిమ్మటనే మాట్లాడవలెను. రెండవది, ఒకే సంగతిని రెండు వేఱు దేశముల పత్రికలెట్లు వ్రాసినవో ప్రక్కప్రక్కన చదివి, జరిగినదేది, అభిప్రాయమేది యని విడదీయవలెను. మూడవది, ఎదుటిపక్షపు వాదము. తనకు నచ్చని దేశము తరపున, ఆ దేశస్థుడే మెచ్చునట్లు మాట్లాడుట నేర్వవలెను. నాల్గవది, నమూనా సభ. 1948 నాటి భద్రతాసమితిలో పదునొకండుగురు సభ్యులు. పదునొకండుగురు పిల్లలు ఆ దేశములై కూర్చుండగా, ఒకరు హైదరాబాదు పక్షమున, ఒకరు భారతపక్షమున వాదింపవలెను. ఒక్క సాయంకాలమున వారు నేర్చునది యొక సంవత్సరపు పాఠమునకు మించియుండును. ఐదవది, ఇదంతయు తెలుగుననే జరుగవలెను. ఇంగ్లీషు రాకపోవుట తెలివి లేకపోవుట కాదు. లోకమును మన భాషలో చెప్పుకొనలేకపోయినచో లోకము మనది కాజాలదు.

వయోభేదము పాటింపవలెను. పదుమూడు, పదునాలుగేండ్లవారికి పటములును కథలును. పదునాఱు వచ్చినవారికి సిద్ధాంతములు. పదునెనిమిది దాటినవారికి ఒడంబడికల మూలపాఠములు. మఱియు ఉపాధ్యాయులు మన యూరనే యున్నారు. దుబాయిలో పదేండ్లు ఇటుకలు మోసి వచ్చిన అన్నను పిలిచి, పాసుపోర్టు యజమాని చేతిలో నున్ననాడు ఎట్లుండెనో చెప్పుమనుడు. అడ్రియాలలో జర్మను యంత్రముతో పనిచేసిన ఓవర్‌మన్‌ను పిలువుడు. పుస్తకము చెప్పలేనిది వారు చెప్పుదురు.

ఒక భయము మిగిలినది. దానిని మేము దాటవేయము. సిద్ధాంతమను మాట వినినంత ఈ సీమలోని తల్లుల గుండె యదరుటకు కారణము కలదు. ఒక సిద్ధాంతమును నమ్మి యిల్లు విడిచి, మరల రాని బిడ్డలను 1970, 80 దశాబ్దములలో ఈ కార్మికవాడలు చూచినవి. వారి త్యాగమును గాని, వారి మార్గమును గాని తూచుట నేటి మా పని కాదు. తల్లులతో మేము చెప్పునదింతే. ఒక్క సిద్ధాంతమునే సత్యమని యిచ్చినచో అది మత్తు. నాలుగింటిని ప్రక్కప్రక్కన నిలిపి, ప్రతిదాని బలమును లోపమును చూపినచో అది విద్య. మీ బిడ్డను ఏ పక్షమువారును సులువుగ మోసగింపకుండవలెనన్న, అన్ని పక్షముల వాదమును వానికి ముందే వినిపింపుడు.

బాలబాలికలారా! ఇంతసేపు పెద్దలతో మాట్లాడితిమి. తుదిగ మీతో నొక్క మాట. మీ తండ్రులు త్రవ్విన బొగ్గు కరెంటై యెన్నో రాష్ట్రముల దీపములు వెలిగించినది. గనిలో దిగువాడు తలదీపము లేనిదే దిగడు. మీరు దిగబోవు లోకమును చీకటిగనియే. అందు పైకప్పు కూలు చోట్లు కలవు, గట్టి దారులును కలవు. దీపము పెట్టుకొని, కఱ్ఱతో తట్టుచు, ఒకరి వెంట నొకరు నడువుడు. పటము వచ్చు ఆదివారము ఈ గోడకు ఎక్కును. మొదట హోర్ముజు జలసంధిని ఎవరు చూపుదురో చూతము.